బిగించకూడని కట్టు

చేతుల మేడమ్ ఇక లేరు. మొన్న పొద్దున నాచారంలో కూరగాయలు బేరం చేస్తుంటే, ఉప్పల్ నుంచి వచ్చే పాలాయన సైకిల్ ఆపి చెప్పాడు. "అక్కా, మీ మేడమ్ పోయిందట. నిద్రలనే పాణం పోయిందట." నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఈ వేళ్ళు మళ్ళీ మొరాయిస్తే ఇక ఎవరి దగ్గరికి పోవాలి అనుకున్నాను. అంతటి మనిషి పోయిందంటే నా చెయ్యే గుర్తొచ్చింది చూడండి, భయానికి సిగ్గూ శరమూ ఉండవు. కూరగాయలు అక్కడే వదిలేసి ఉప్పల్ బయలుదేరాను.

ఆవిడది గుంటూరు వైపు. భర్త రైల్వేలో గుమస్తా. ఆవిడ పట్నంలోని పెద్ద దవాఖానాలో పనిచేసేవారు. విరిగిన ఎముకలను డాక్టర్లు అతికిస్తే, ఆ తర్వాత బిగుసుకుపోయిన వేళ్ళను మళ్ళీ కదిలించడం ఆవిడ పని. సెలవు రోజుల్లో ఉప్పల్‌లోని ఇంటి అరుగు మీద కూడా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చునే ఉండేవారు. నాచారం, మల్లాపూర్‌లలో కొత్తగా కంపెనీలు లేస్తున్న కాలం, దెబ్బ తగిలిన చేతులకు కొదవ లేదు.

నేను దారం కండెలు చుట్టే కంపెనీలో పనిచేసేదాన్ని. ఒకరోజు మిషన్ బెల్టు నా కుడిచేతిని లాక్కుంది. కట్టు విప్పేసరికి ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు రొట్టెల కర్రల్లా చాచుకునే ఉండిపోయాయి. ముద్ద కలపలేను, జడ వేసుకోలేను. ఇంట్లో అమ్మా నేనే, నా జీతం మీదే ఇల్లు నడిచేది. సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పేశాడు. "పిడికిలి ముడిచి కండె పట్టుకో, పని నీదే. లేకుంటే వేరేటోళ్ళను పెట్టుకుంట." ఇక రోజూ నిద్ర లేస్తూనే, కళ్ళు తెరవకముందే పిడికిలి ముడిచి చూసేదాన్ని. ముడుచుకునేది కాదు. కళ్ళు తెరవాలంటేనే భయమేసేది.

మొదటిసారి దవాఖానాలో మేడమ్ ముందు కూర్చున్నప్పుడు ఆవిడ నా చెయ్యి చూడలేదు. తన అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకుంటూ, నా ముఖం చూసి, "అన్నం తిన్నావా?" అని అడిగారు. తర్వాత ఒక కట్టు తీశారు. మణికట్టుకు తోలు పటకా, ఒక్కో వేలికి మెత్తటి తోలు ఉంగరం, ఆ రెంటి మధ్యా రబ్బరు బ్యాండ్లు. వేళ్ళను అరచేతి వైపు మెల్లగా లాగుతూ ఉంటుందన్నమాట. చూడగానే చెయ్యి వెనక్కి గుంజుకున్నాను.

"ఇది ఏళ్ళు ఇరగ్గొడ్తదా మేడమ్?"

"విరగ్గొట్టేదైతే నేనెందుకు తొడుక్కుంటానే పిచ్చిమొద్దూ!" అంటూ ముందు తన వేలికే తగిలించుకున్నారు. అదే ఆవిడ అలవాటు. ఏ బ్యాండైనా తన వేలికి వేసుకుని, కాసేపు ఏవో కబుర్లు చెప్పి, ఆ తర్వాతే మనకు పెట్టేవారు. "లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టకూడదు. నీ కీలు మొండిది కాదే, బెదిరింది. బెదిరినదాన్ని గుంజితే ఇంకా బిగుసుకుంటుంది" అన్నారు.

ఈ మాట అమ్మకు ఎక్కలేదు. మా గల్లీలో ఎవరి నులక మంచం కుంగినా బిగించి ఇచ్చేది అమ్మే. నా కట్టు చూసినప్పుడల్లా ఆమె చేతులు ఊరుకునేవి కావు. "గింత వదులుగుంటే ఎప్పుడు వంగుతయి బిడ్డా? నులక బిగిస్తెనే గద మంచం కుదురుగుంటది!" ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే బ్యాండ్లన్నీ పొట్టిగా ముడివేసి బిగించేసింది. లేచి చూస్తే వేళ్ళు మునుపెన్నడూ లేనంత వంగి ఉన్నాయి. అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా. అంతలో నడిమి వేలు నీలంగా కనిపించింది. గిల్లుకుంటే తెలియలేదు. అమ్మ గబగబా కత్తెరతో బ్యాండ్లు కోసేసింది. అయినా వేలికి స్పర్శ రాలేదు. రిక్షా ఎక్కి ఉప్పల్ చేరేదాకా అమ్మ కీసర రామలింగేశ్వరుడికి మొక్కుతూనే ఉంది. నేను వేలు వైపు చూడలేక రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ నా చెయ్యి ఎత్తి తన భుజం మీద పెట్టుకున్నారు. గోరు నొక్కడం, వదలడం, చూడడం. మళ్ళీ నొక్కడం.

"ఏలు పోతదా మేడమ్?"

పోదని చెప్పలేదావిడ. "నాకూ భయంగానే ఉందే. ఇద్దరం కలిసి చూద్దాం, ఉండు" అన్నారు.

అబద్ధం చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాను. చాలాసేపటికి గోటి కింద కొంచెం ఎరుపు తేలింది. తర్వాత సూదులు గుచ్చినట్టు మంట పుట్టింది. ఆ మంటకు నేను ఏడుస్తుంటే మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కాళ్ళ మీద పడబోయిన అమ్మను పట్టుకుని పీట మీద కూర్చోబెట్టారు. "మీరు ఆశ కొద్దీ బిగించారు వదినగారూ. కానీ ఇది మంచం కాదు, ఇందులో నెత్తురు తిరగాలి." అని, ఆ రోజు నుంచి నా గోళ్ళ రంగు చూసే పని అమ్మకే అప్పగించారు. కట్టు తొడిగేది అమ్మే, విప్పేది అమ్మే. బ్యాండ్ వేసే ముందు అమ్మ కూడా తన వేలికి పెట్టి చూసుకునేది.

వాపు తగ్గడానికే చాలా రోజులు పట్టింది, పిడికిలి ముడుచుకోవడానికి ఇంకా నెలలు పట్టింది. సూపర్‌వైజర్ ముందు నిలబడిన రోజు నా చెమటకు కండె జారుతుందేమోనని హడలిపోయాను. జారలేదు, పని నాకే దక్కింది. ఆ సంగతి చెప్పడానికి పరుగెత్తుకుంటూ వెళితే మేడమ్ అన్న మాట ఇది: "సంతోషం సరే, కట్టు ఏదే? అప్పుడే విప్పేశావా?"

మొన్న ఉప్పల్‌లో వాకిట్లో ఆవిడను పడుకోబెట్టారు. బయలుదేరదీసే ముందు అందరినీ నోటి దగ్గర ఇన్ని బియ్యం వెయ్యమన్నారు. కుడిచేత్తో గుప్పెడు తీసుకుని వంగాను. ఆవిడ చేతులు కనిపించాయి, వేళ్ళు చాచుకుని, బిగిసిపోయి. బియ్యం వేద్దామంటే నా పిడికిలి విచ్చుకోలేదు. ఎంత ప్రయత్నించినా విచ్చుకోలేదు. తెరిస్తే ఆవిడ నిజంగానే వెళ్ళిపోతారనిపించింది.

నా వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా ఆవిడ చేతుల్లో బాగుపడినవాళ్ళే. ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని విప్పబోలేదు. ఎండలో అలాగే నిలబడ్డారు, నా వేళ్ళ సందుల్లోంచి ఒక్కో గింజా రాలిపోయేదాకా.