వినపడని మాటకు తలలూపిన సభ

మీకు వినపడని మాటకు మీరు చివరిసారి తల ఊపింది ఎప్పుడు? సిగ్గుపడి దాటవేయకండి. నేను ఊపింది పోయిన ఆదివారం. తిరుపతిలో, మా హేతువాద సంఘం హాల్లో, ముందు వరసలో కూర్చుని. అదీ ఎవరి సభలో? బతికినన్నాళ్ళూ "తల ఊపడం సాక్ష్యం కాదు" అని చెప్పిన మనిషి సంస్మరణ సభలో.

ఎస్తేరు టీచర్ ఇక లేరు. పుత్తూరులో తన ఇంట్లో, పొద్దున కాఫీ తాగి, రేడియో పెట్టుకుని కూర్చున్న కుర్చీలోనే పోయారు. ఆమె చెల్లెలు రూతమ్మ సత్యవేడు నుంచి ఫోను చేసి "అన్నా, అక్క పోయింది" అంటే, నేను వెర్రివాడిలా "ఎవరు చెప్పారు?" అని అడిగాను. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో వాదానికి దిగి, నన్ను ఓడించి, "రేపు మళ్ళీ రాప్పా" అని పంపించారు. ఆ రేపు రాలేదు.

పుత్తూరు పేరు చెబితే బయటివాళ్ళకు విరిగిన ఎముకలకు వేసే కట్టు గుర్తొస్తుంది. మా సంఘానికి మాత్రం ఎస్తేరు టీచరే గుర్తు. బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పాఠం మధ్యలో "అర్థమైందా?" అంటే పిల్లలంతా తలలూపేవాళ్ళట. ఎవరు గట్టిగా ఊపితే వాళ్ళనే లేపేవారట. "అర్థం కాలేదంటే నాకు కోపం రాదురా. అయినట్టు నటిస్తేనే వస్తాది" అనేవారని ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాతోనూ అంతే. రూతమ్మకు చర్చి అంటే ప్రాణం. మాలో ఒకాయన ఒకసారి, "అక్కేమో నాస్తికురాలు, చెల్లెలేమో భక్తురాలు, మీ ఇంట్లో ఎట్ల పొసుగుతుంది టీచర్?" అని ఎకసెక్కెమాడాడు. టీచర్ నవ్వలేదు. "మా చెల్లెలు నమ్మేదాన్ని నమ్ముతానని చెప్తాది. నువ్వు నమ్మేదాన్ని నమ్మనని చెప్తావు. మా చెల్లెలితోనే నాకు సులువు" అన్నారు. ఆ మాట అప్పట్లో మాకు చమత్కారంగానే తోచింది.

రేడియో ఆమెకు కాలక్షేపం కాదు. సత్యవేడు వైపు తుఫాను వస్తే ముందు కరెంటు పోతుంది, తర్వాత ఫోన్లు మూగబోతాయి. అట్లాంటి ఒక వానలో ఆమె చెల్లెలి ఇంట్లో ఉన్నారు. బ్యాటరీల పాత సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. ఆ గరగరలోంచే "తీరం దాటు..." అని సగం మాట, కాసేపటికి "...లోతట్టు..." అని ఇంకో ముక్క. ఆ ముక్కలతోనే గొడ్లను విప్పి మెట్టకు తోలుకుపోయారు. గొడ్లు బతికాయి.

రేడియోకు డిజిటల్ ప్రసారం వచ్చిందంటే మొదట సంబరపడింది కూడా ఆమే. సంఘానికి కొత్త సెట్టు తెప్పించింది ఆమే. చిత్తూరు దారిలో, మైదానంలో పెట్టి విని, "పక్కన కూర్చుని మాట్లాడినట్టుండాది" అని మురిసిపోయారు. అదే సెట్టు పుత్తూరు కొండల నీడలో, సిగ్నల్‌కు అడ్డుతగిలే ఎల్ఈడీ బల్బులూ ఇన్వర్టర్లూ ఉన్న ఇంట్లోకి తెస్తే మాట తెగిపోయేది. తెగనప్పుడు కూడా రేడియోలో పాడే గాయని గొంతు బిందెలో తలపెట్టి పాడినట్టు వచ్చేది. "పాతది సగం వినిపిస్తాది, మిగతా సగం మనం ఊహించుకుంటాం. ఇది అందితే అంతా ఇస్తాది, అందకుంటే గరగర కూడా ఇవ్వదు. మంచిదే, కానీ యాడ అందలేదో చెప్పకుంటే బాగుచేసేవాళ్ళకు ఎట్ల తెలుస్తాది?" అని ఆమె వాదన. ఇందులో కొత్తను ద్వేషించే మాట ఒక్కటైనా ఉందా? అయినా మేము ఆమెను పాతకాలం మనిషి అన్నాం.

దానికి ఆమె ఇచ్చిన జవాబు మాలో ఎవరూ మరచిపోలేరు. ఒక సమావేశానికి రెండు సెట్లూ తెచ్చి తువ్వాళ్ళు కప్పారు. ఒకదాని ముందు 'కొత్తది' అని, రెండోదాని ముందు 'పాతది' అని చీటీలు. రెండింట్లోనూ అవే వార్తలు. మేమంతా 'కొత్తది' బాగుందన్నాం.

"అద్దం మాదిరి ఉండాది టీచర్" అన్నాడు మా కార్యదర్శి మునిరత్నం.

"మరి ఆ గరగరేందప్పా?"

"అది ఫ్యానుది."

టీచర్ ఫ్యాను ఆపారు. గరగర ఆగలేదు. మాకు చెమట మొదలైంది.

మమ్మల్ని టీకి పంపి, తిరిగొచ్చాక మళ్ళీ వినమన్నారు. మళ్ళీ 'కొత్తది' బాగుందన్నాం. "మధ్యలో ఆగిపోతాండాది గదప్పా?" అంటే మునిరత్నం తడుముకోకుండా, "చదివే ఆయన గుక్క తిప్పుకుంటాండాడు టీచర్" అన్నాడు.

తువ్వాళ్ళు తీశారు. మొదటిసారి 'కొత్తది' చీటీ వెనుక ఉన్నది పాత సెట్టు. మేం టీకి వెళ్ళినప్పుడు చీటీలు మార్చారు కాబట్టి రెండోసారి నిజంగానే డిజిటల్ సెట్టు. "తాయెత్తు కట్టుకున్నోళ్ళను చూసి నవ్వుతారే! మీరు విన్నది రేడియోని కాదు, చీటీని" అన్నారు. అందరం నవ్వేశాం. నవ్వి దులిపేసుకున్నాం. నేర్చుకున్నది మాత్రం శూన్యం.

కాదంటే పోయిన ఆదివారం చూడండి. ఆమె పోయారని తెలిసి, తుఫాను జాగ్రత్తల మీద ఆమె ఎప్పుడో చేసిన ప్రసంగాన్ని మళ్ళీ వినిపిస్తామని రేడియోలో చెప్పారు. సరిగ్గా ఆ వేళకే మేం సభ పెట్టాం. "డిజిటల్ సెట్టే పెడదాం, టీచర్‌కు గౌరవంగా ఉంటాది" అన్నాడు మునిరత్నం. నేను సరేనన్నాను. అదే ప్రసంగం పాత ప్రసారంలోనూ వస్తోంది. పాత సెట్టు పుత్తూరులో ఆమె కుర్చీ పక్కనే ఉంది. తెద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. అక్క గొంతు వినడానికి రూతమ్మ సత్యవేడు నుంచి బస్సెక్కి వచ్చింది.

"శ్రోతలకు నమస్కారం" అని టీచర్ గొంతు స్పష్టంగా పలికింది. ఆ వెంటనే తెగింది. రేకు మీద గీసినట్టు రెండు మాట ముక్కలు. మళ్ళీ నిశ్శబ్దం. హాలంతా గంభీరంగా తలలూపుతోంది. నేనూ ఊపాను. చివర "సెలవు" అన్న మాట స్పష్టంగా వచ్చింది. చప్పట్లు కొట్టాం. నేను మైకు ముందుకు వెళ్ళి, "ఇప్పుడు మనం విన్న మాటలు మనకు దారి చూపుతాయి" అన్నాను.

రూతమ్మ లేచింది. "అన్నా, నాకు మధ్యలో ఒక్క మాట వినబళ్ళేదు. మీరంతా తలలూపినారు గదా, మీకు వినపడిందేమో. మా అక్క ఏం చెప్పిందో చెప్పండి."

మునిరత్నం నేల చూపులు చూస్తున్నాడు.

"వినపడలేదా? మరి ఊరికే ఎట్ల కూర్చున్నారబ్బా? మా చర్చిలో మైకు పోతే, 'అయ్యగారూ, వినబళ్ళేదు' అని అరుస్తామే!"

నలభై ఏళ్ళుగా వేదికల మీద ప్రశ్నించమని జనానికి చెప్పినవాణ్ణి. ఆ హాల్లో ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. బాబాల మాటకు తలలూపే జనాన్ని గొర్రెలని రాసిన నా చేతిని ఆ క్షణాన ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. టీచర్ ఉంటే ఫ్యాను ఆపినట్టు ఆ సెట్టు ఆపేసి, "ఏం వినపడిందో చెప్పండప్పా" అనేవారు. ఆ పని చేసే మనిషి మాకిక లేరు. ఆ లోటు ఏ తీర్మానంతోనూ పూడదు.

ఈ ప్రాంతంలో డిజిటల్ ప్రసారం ఎట్లా అందుతోందో రాయమని రేడియోలో శ్రోతలను అడుగుతూనే ఉన్నారు. నాకు తెలిసి మా సంఘంలో రాసింది టీచర్ ఒక్కరే. మనం ఊరుకుంటే అంతా బాగానే వినపడుతోందని అనుకుంటారు. రేపు పాత ప్రసారాన్ని ఆపేసి డిజిటల్ ఒక్కటే ఉంచాక తుఫాను వస్తే, సత్యవేడులో రూతమ్మకు ఆ సగం మాట కూడా దొరకదు.

టీచర్ పటానికి దండలు వద్దు. ఈ సాయంత్రమే మీ ఇంట్లో, మీ ఊళ్ళో రేడియో పెట్టి వినండి. వినపడితే వినపడిందని రాయండి. వినపడకపోతే, మీ పేరూ మీ ఊరూ వేసి, వినపడలేదని రాయండి. ఇది చదివి కూడా తల ఊపి ఊరుకోకండి. కలం తీయండి.