చెకింగంటే వణికే పెదనాయన

మా ఐజాక్ పెదనాయనకు చెకింగంటే భయం. జీవితంలో ఒక్కసారి కూడా టికెట్టు లేకుండా బస్సెక్కిన మనిషి కాదు. అయినా చెయ్యని నేరానికి ఏనాటికైనా చెకింగ్ వాళ్లొచ్చి పట్టుకుంటారనీ, నలుగురిలో కిందికి దింపేస్తారనీ ఆయన భయం. పుంగనూరులో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఇన్‌స్పెక్టర్లను చూశాడు, ఎన్నికల డ్యూటీలు చేశాడు. కానీ ఖాకీ చొక్కా కనబడితే చాలు, చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

పుంగనూరులో ఉన్నంతకాలం ఆయనా, ఆయన భయమూ సుఖంగానే ఉన్నారు. చర్చికీ ఇంటికీ మధ్య చెకింగ్ ఎవరు చేస్తారు? అలాంటి మనిషి మాకోసం బెంగళూరొచ్చిపడ్డాడు.

నా భార్య కృపకు నెలలు నిండకుండానే కాన్పయింది. మగబిడ్డ, అరచేతిలో పట్టేంత. వర్తూరు వైపు ఆసుపత్రిలో వాణ్ణి అద్దాల పెట్టెలో పెట్టారు. కృప అక్కడే ఉండాలి. నేను బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ కటింగ్ సెక్షన్‌లో పని, సెలవలన్నీ అయిపోయాయి. కృపకు పొద్దున పూట పథ్యం తీసుకుపోయే మనిషి లేడు. "బిడ్డను చూసి సాయంత్రం బస్సుకే పోతానప్పా, ఈ ఊళ్లో నాకు గుండె దడ" అంటూ వచ్చిన పెదనాయన, నా మొహం చూసి క్యారియర్ చేతికి తీసుకున్నాడు.

ఇక మొదలైంది పాసు గొడవ. బెంగళూరంతటికీ ట్రాఫిక్ జాములకు పేరుమోసిన సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు మునిరాజు కోలారు వైపు మనిషి, తెలుగువాడే, కానీ తాతను కన్నడంలో అజ్జా అంటాడు.

"అజ్జా, దినాం తిరిగేటట్టుంటే పాసు తీసుకో. దినం పాసా, వారం పాసా, నెల పాసా?"

పెదనాయన చెమట తుడుచుకున్నాడు. "దినం పాసు ఎంతవరకు నడుస్తాదప్పా?"

"అర్ధరాత్రి వరకు."

"అర్ధరాత్రప్పుడు నేను బస్సులోనే ఉంటే? పాసు చచ్చిపోయి, నేను మాత్రం సీట్లో ఉంటా గదా!"

"నువ్వు పోయేది పొద్దున పూట గదా అజ్జా!"

"ఇది సిల్క్ బోర్డు సిగ్నలప్పా. ఏం చెప్పగలం?"

బస్సంతా నవ్వింది.

మెట్రో కార్డు తీసుకోమని నేను సలహా ఇచ్చాను. ఆ గేటు తలుపులు టపామని మూసుకోవడం ఆయన ఊళ్లో దిగిన రోజే దూరం నుంచి చూసి ఉన్నాడు. "మనిషి సగం ఇటు, సగం అటు అయితే ఏ సగానికి ఫైను రాస్తారు?" అన్నాడు. వారం పాసంటే తల అడ్డంగా ఊపాడు. నెల పాసంటే గొంతు తగ్గించి, "నెలంటే పెద్ద మాటప్పా" అన్నాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరమూ రేపటికి మించి నోరెత్తేవాళ్లం కాదు.

చివరికి దినం పాసుకే ఒప్పుకుని, పుంగనూరు పాస్టరు గారికి ఫోన్ కలిపాడు. మా వాళ్లకిది మామూలే. ఇల్లు మారినా, కొత్త మిక్సీ కొన్నా ఫోన్లో ప్రార్థన జరగాల్సిందే. స్పీకరు పెట్టి, ఫోనుని మునిరాజు చేతిలో ఉన్న పాసు దగ్గర పట్టుకున్నాడు. "ప్రభువా, ఈ దినపు పాసును నీ రెక్కల నీడలో కాచుము" అని పాస్టరు గారు గట్టిగా అందుకున్నారు. మునిరాజు టోపీ తీసి నిలబడ్డాడు. వెనక సీట్లోని కాలేజీ పిల్లలు కూడా ఆమేన్ చెప్పారు.

గుర్తింపు కార్డు చూపించమంటే పెదనాయన ఆధారు, ఓటరు కార్డు, పింఛను పుస్తకం, బాప్తిస్మం సర్టిఫికెట్ వరసగా తీశాడు.

"బాప్తిస్మానిది బేడ అజ్జా, వద్దు" అన్నాడు మునిరాజు.

"ఉండనీప్పా, పైన కూడా చెకింగ్ ఉంటాది గదా."

అంత చేసీ, పాసు జేబులో పెట్టుకుని, "దీనితో పాటు ఒక టికెట్టు కూడా కొట్టప్పా, మనశ్శాంతికి" అని అడిగాడు. మునిరాజు దండం పెట్టి ముందుకు పారిపోయాడు.

ఆ తర్వాత రోజూ ఒక దినం పాసు, రోజూ ఒక ప్రార్థన. ఆ పాసు బస్సులో కంటే బయటే ఎక్కువ పనిచేసేది. ఆసుపత్రి వాచ్‌మన్‌కు చూపించేవాడు. లిఫ్ట్ అబ్బాయికి చూపించేవాడు. ఒకసారి పిల్లల వార్డు నర్సు "ఎవరండీ?" అని అడిగితే ఆమెకూ పాసే చూపించాడు. ఆమె చదివి, "చెప్పులు విప్పి రండి" అంది.

అప్పుడు బిడ్డకు ఇన్‌ఫెక్షన్ వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి, "ఇప్పుడే ఏం చెప్పలేం. చూద్దాం" అంది. కృప లోపలికి పోయి అద్దాల పెట్టె మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. నాకంత భయం అంతకుముందెప్పుడూ కలగలేదు.

పెదనాయన నా భుజం తట్టాడు. "పదప్పా నతానియేలూ, పాసు తీసుకోవాల."

నాకు ఒళ్లు మండింది. ఇలాంటప్పుడు కూడా ఈయనకు చెకింగ్ గోలేనా? అయినా ఏడవడానికి చోటు కావాలి కాబట్టి వెంట పోయాను. బస్టాండులో పాసుల కౌంటరు ముందు నిలబడి, "పాస్టరు గారికి ఫోన్ కలపమంటావా?" అన్నాను వెటకారంగా.

"వద్దులే. ఇది నేనే తీసుకోవాల."

కిటికీలోకి వంగి, "నెల పాసియ్యప్పా" అన్నాడు. ఫోటో ఇచ్చే చెయ్యి గడగడా వణుకుతోంది. "ఇంకొకటి కూడా."

"ఎవురికి?" అన్నాడు కౌంటరాయన.

"నా మనవడికి."

"పేరు?"

"పెడతాం."

"వయసెంత అజ్జా?"

"నెల కూడా నిండలా."

కౌంటరాయన కళ్లద్దాలు పైకి జరిపాడు. "పసిబిడ్డకు టికెట్టే లేదు, పాసెందుకు?"

"ఇంటికి తీసకపోతాం గదప్పా! దారిలో చెకింగొస్తే? మొదటి దినమే వాణ్ణి పట్టుకుంటే, జీవితమంతా నాలాగా భయపడతాడు!"

నేను ఫక్కున నవ్వాను. ఎన్ని రోజులైందో నవ్వి! అర్ధరాత్రి దాకా నడిచే పాసును కూడా నమ్మని మనిషి, డాక్టరమ్మ రేపటికి కూడా మాటివ్వని రోజున, నా పక్కన నిలబడి నెల రోజులకు పాసు తీసుకున్నాడు. భయం పోయి కాదు. అది వణికే చేతిలో కనిపిస్తూనే ఉంది. కృపా నేనూ పడే భయం చూడలేక తీసుకున్నాడు.

"పెదనాయనా, మీరు ఊరికి పోవాలంటిరి గదా?" అన్నాను.

"పాసు ముగీకుండా ఎట్లా పోయేదప్పా?" అని కసిరాడు.

బిడ్డ ఆ గండం గడిచి బయటపడ్డాడు. నెల తిరిగేసరికి అద్దాల పెట్టె లోంచి అమ్మ ఒళ్లోకి వచ్చాడు, ఆసుపత్రంతా ఎగిరిపోయేలా ఏడవడం నేర్చాడు. ఆ సాయంత్రం నేను పుంగనూరు బస్సుకు పంపిద్దామని పెదనాయనను వెతుక్కుంటూ పోతే, పాసుల కౌంటరు దగ్గర దొరికాడు. మళ్లీ కిటికీలోకి వంగి, ఖాకీ చొక్కా కౌంటరాయనతో బేరమాడుతున్నాడు.

"నెలది చాలదప్పా. వాడు నడిచేదాకా ఇచ్చేది ఏదన్నా ఉండాదా?"