తప్పిపోని బర్రె కోసం వెతుకులాట

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా బాపుకు చక్కెర జబ్బు బయటపడింది. అల్వాల్ డాక్టరు ఆయన మూత్రంలో నీలిరంగు మందు కలిపి మరగబెడితే గాజుగొట్టం ఇటుకరంగుకు తిరిగింది.

"నెల రోజులు పొద్దున్నే రెండు మైళ్లు నడవాలె పటేల్ సాబ్. రంగు మారకపోతే రోజూ సూదే."

ఆయన చూపిన సూదిని మా బండికి ఇరుసుగా వేసుకోవచ్చు. పులి ఎదురొచ్చినా చుట్ట ఆర్పని బాపు, మేడ్చల్‌లో ఇల్లు చేరేదాకా కండ్లు తెరవలేదు.

నడవడానికి ఒప్పుకున్నాడు గాని, నడవనిచ్చేదెవరు? పటేలు కాలినడకన కనబడితే ఎద్దులు అమ్ముకున్నాడని ఊళ్లో అర్థం. శామీర్‌పేట తోవలో పది అడుగులు వేశాడో లేదో, నలభై బండ్లు ఆగాయి. అందులో ఉల్లిగడ్డలమ్మే సాయిబుది మరీ పట్టుదల.

"నేను బతికుండంగ నువ్వు నడుసుడేంది పటేలా? ఎక్కు జల్దీ."

కాదంటే ఆయనకు అవమానం. అట్లా మూడు రోజులు బాపు నడకకని వెళ్లి, బండిలో కునుకు తీసి వచ్చాడు.

నాలుగోనాడు అమ్మ కొట్టంలోంచి బర్రెను కట్టే పలుపు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"బర్రె తప్పిపోయిందని జెప్పు. ఎతుక్కునేటోన్ని ఎవడు బండెక్కిస్తడు?"

పెండ్లయి మీసాలు మెలేస్తున్న నన్ను, ఆయన ఎక్కడా కూర్చోకుండా కాపలాగా వెంట పంపింది.

పాచిక మరీ ఎక్కువ పారింది. సాయిబు పరేషానై, వారం తిరక్కుండా దూలపల్లి నుంచి ఒక బర్రెను తోలుకొచ్చాడు. బాపు దాన్ని నాలుగు పక్కలా చూశాడు.

"మాదానికి ఎడమకొమ్ము వంకర."

రెండు రోజులకు ఎడమకొమ్ము వంకరది వచ్చింది.

"గింత వంకర గాదు."

అట్లా తాలూకాలోని బర్రెలన్నీ బాపు ముందు హాజరు వేయించుకున్నాయి. మా బర్రె మాత్రం కొట్టంలో కూర్చుని నెమరేస్తూ ఒళ్లు చేస్తోంది.

నెల నిండాక గొట్టంలో రంగు ఆకుపచ్చకు దిగింది. సూది తప్పింది. నడక మాత్రం ఆపొద్దన్నాడు డాక్టరు.

ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే సాయిబు బండి లేకుండా తోవలో నిలబడి ఉన్నాడు. చేతిలో సన్నని తాడు.

"మేక తప్పిపోయింది పటేలా."

ఆయనకు మేకలు లేవు. బాపు ఆయన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"అల్వాల్ పోయినవా?"

"నిన్న పోయిన."

"సూది సూపెట్టిండా?"

సాయిబు తలూపాడు.

"దా మరి," అన్నాడు బాపు. "మేకంటే గుట్టెక్కుతది. జర జల్దీ నడువు."