తిట్టనివ్వదు, కొట్టనివ్వదు

ప్రెస్సులో అందరూ ఆమెను మెషినక్క అనేవారు. భర్త పోయాక కాగితాలు సర్దే పనికి చేరి, అచ్చు మెషిను నడిపేదాకా వచ్చింది. నోరు పదును. ఓనరుకు కూడా ఆమె దగ్గర కాస్త జంకే.

ఒక ఉదయం గడియారాల కొట్టాయన కరపత్రం ఒకటి అచ్చుకిచ్చాడు. సిరా సరిగా పడిందో లేదోనని మొదటి కాగితం తీసి చూసిన మెషినక్క, చదివి, మెషిను ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు ఓనరు.

"సహాబాలను నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను వెయ్యను."

"తిట్టింది ఆయనగా! మెషినుకి మతమేంటి?"

"మెషినుకి లేదు. నాకుంది."

సహాబాలంటే ప్రవక్తను కలిసి, విశ్వసించి, ఆ విశ్వాసంలోనే కన్నుమూసినవారు. ప్రవక్తల తర్వాత అంతటి స్థానం వారిదేనని చిన్నప్పుడే తల్లి చెప్పింది. కాలే ఇసుక మీద పడుకోబెట్టి గుండెలపై బండ పెట్టినా "దేవుడొక్కడే" అన్న బిలాల్ అనే సహాబా కథ ఎన్నిసార్లు విన్నా, మళ్ళీ చెప్పమని తల్లిని అడిగేది.

అక్కడే ఉన్న కొట్టాయన ఊరుకోలేదు. "వాళ్ళూ తప్పులు చేశారు. వాళ్ళలో వాళ్ళే యుద్ధాలు చేసుకోలేదా?"

"మనుషులేగా, చేసే ఉంటారు. ఆ తగువు తీర్చడానికి పైవాడున్నాడు. మధ్యలో మనమెవరం? ఖురాన్ మనదాకా వచ్చిందే వాళ్ళ వల్ల. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వేస్తావా, ఇంటికి పోతావా?" అన్నాడు ఓనరు.

చేతుల సిరా గుడ్డకు తుడుచుకుని ఆమె బయటికి నడిచింది.

ఈ సంగతి పేటంతా పాకింది. శుక్రవారం నమాజు కాగానే మరిది పదిమందిని వెంటేసుకుని ఆమె ఇంటికొచ్చాడు.

"మన పరువు నిలబెట్టావు వదినా! ఇక వాడి కొట్టు సంగతి మేం చూస్తాం. నువ్వు ముందుండు చాలు."

"పదండి, ముందే ఉంటా."

అన్నట్టే ముందు నడిచింది. గడియారాల కొట్టు మెట్లెక్కి, గిర్రున వెనక్కి తిరిగి, వాళ్ళకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో వదినా! తిట్టింది వీడే!" అన్నాడు మరిది, చేతిలో రాయితో.

"తిట్టాడు. అచ్చెయ్యనన్నాను. రాళ్ళ దెబ్బలు ఓర్చుకున్నవాళ్ళ పేరు చెప్పి మీరు రాళ్ళేస్తారా? ముందు నా మీద వెయ్యండి!"

ఎవరి చెయ్యీ లేవలేదు. మరిది తల దించుకుని రాయి కింద పడేశాడు. ఒక్కొక్కరే జారుకున్నారు.

సగం దించిన షట్టరు కింద నుంచి కొట్టాయన తొంగి చూశాడు. "నా మాట మాత్రం మార్చుకోను."

"నీ ఇష్టం. నేనూ మార్చుకోను," అని ఆమె మెట్లు దిగింది.

పాత పని మళ్ళీ దొరకలేదు. పక్క వీధిలో పుస్తకాలు బైండింగు చేసే చోట చేరింది. మొదటిరోజే అక్కడి యజమాని, "ఇక్కడ గొడవలు పెట్టుకోకమ్మా," అన్నాడు.

"గొడవేం లేదు. చదివాకే కుడతాను," అంటూ ఆమె సూదిలోకి దారం ఎక్కించింది.