ఇరవై ఒకటో యంత్రం

మొన్న కళ్ళద్దాల నంబరు మార్పించుకుందామని కంటి ఆసుపత్రికి వెళితే, చీటీలు రాసే అమ్మాయి ముందున్న కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్ళీ లేచే ప్రయత్నంలో నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోసాగింది. నా వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. నేను మాత్రం, అందులో ఎవరివైనా ఏమైనా దాచిపెట్టారా తల్లీ అని అడిగాను. అన్నీ సర్వర్లోనే ఉంటాయండీ, ఇందులో ఏమీ ఉండదు అంటూ నా ముఖం చూసి, కళ్ళు తిరిగాయనుకుందో ఏమో, కుర్చీ చూపించింది. కూర్చున్నాను.

ఆ చుక్కల అర్థం తెలిసినవాళ్ళం మా ఈడులో కొద్దిమందే ఉంటాం. నెట్‌వర్క్ బూట్ అంటారు దాన్ని. యంత్రం మేలుకోగానే తన హార్డ్ డిస్కు వంక చూడకుండా, ముందు తీగలోకి ఒక కేక వేస్తుంది, ఎవరైనా ఉన్నారా, నేనేం చెయ్యాలి అని. మొదట పలికినవాడు ఎవడైనా సరే, వాడి మాట నమ్మి, వాడిచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను నెత్తిన పెట్టుకుంటుంది. పసిపిల్లలకు కూడా అంత నమ్మకం ఉండదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో, పాతబస్తీ మొఘల్‌పురాలో మా బాబాయి నడిపే కంప్యూటర్ శిక్షణా కేంద్రంలో, ఆ పలికేవాణ్ణి నేను. కోస్తా నుంచి సర్కారు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ బాబాయి, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక గల్లీకి ఇవతల మేడ మీద ఒక గది, అవతల మేడ మీద ఒక గది తీసుకున్నాడు. రెండింటి మధ్యా, బట్టలారేసే తాళ్ళ పక్కనే, మా కేబులు ఊగుతూ ఉండేది. అవతలి గదిలోని ఇరవై యంత్రాల డిస్కులనూ ప్రతి బ్యాచికీ ముందు పూర్తిగా తుడిచి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ నింపాలి. సీడీ పట్టుకుని ఇరవైసార్లు వంగి లేచే ఓపిక లేక, ఇవతలి గదిలో కుర్చీ దిగకుండానే పని జరిగేలా ఒక సర్వర్‌ను సిద్ధం చేశాను. మొదట్లో అది మర్యాదగా, డిస్కు తుడిచెయ్యమంటారా అని ప్రతి యంత్రం తెర మీదా ఒక ప్రశ్న వేసేది. జవాబు చెప్పడానికి మళ్ళీ గల్లీ దాటాల్సి వస్తోందని ఆ ప్రశ్నను తీసేశాను. నా తెలివికి మురిసిపోయి బాబాయి నన్ను ఇంజనీరనడం మొదలుపెట్టాడు. నేను చదివింది బీకాం.

మా కింద దుకాణం చాచాది. గల్లీ అంతటికీ ఆయన చాచాయే. పెళ్ళి శుభలేఖలూ దుకాణాల బోర్డులూ చేత్తో ఉర్దూలో రాసే కాతిబ్. అంతకుముందు ఆ పని చేసిన తండ్రే, ఆయన అబ్బాజానే, రాత నేర్పిన ఉస్తాద్ కూడా. చెయ్యి వణకడం మొదలయ్యాక, వణకని చెయ్యి ఒకటి మిగలాలని చాచా పట్టుబట్టి, తండ్రి రాసిన పాత కాగితాలను స్కాన్ చేయించుకుని, ఒక్కో అక్షరం అంచునూ మౌసుతో దిద్దుతూ కంప్యూటరు అక్షరాలుగా మలిచేవారు. ఉర్దూలో ఒక అక్షరం పక్కదానితో కలిసినప్పుడల్లా రూపం మార్చుకుంటుంది కనుక ఆ పని రెండేళ్ళుగా సాగుతూనే ఉంది. మా గదిలోని పాత యంత్రాన్నే బాగుచేసి ఆయనకిచ్చి, మా ప్రింటరు వాడుకునేందుకు మేడ మీంచి ఒక తీగ కూడా దించాను. పండక్కి గిన్నెడు షీర్‌ఖుర్మా పంపినట్టే, పొరుగువారికి తీగ ఇవ్వడం కూడా ఆ గల్లీలో మర్యాద. తయారైన అక్షరాలతో పరీక్షగా నా పేరే అచ్చువేసి, చాచా దాన్ని మా సర్వర్ డబ్బాకు అంటించారు.

స్కానయిపోయిన కాగితాన్ని ఆయన దాచేవారు కాదు. దేవుడి పేరున్న కాగితం కాలికింద పడకూడదని, శిథిలమైనవాటిని గౌరవంగా నీళ్ళలో కలిపేవారు. మొదటి కట్ట కలిపేముందు, కలపనా బేటా అని నన్నే అడిగారు. కాగితానికైతే చెద పడుతుంది చాచా, ఇందులో పట్టదు అన్నాను. ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందంటే, దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు.

ఒకరోజు పొద్దున కొత్త బ్యాచికోసం సర్వర్‌ను పలికే స్థితిలో పెట్టి చాయ్‌కి వెళ్ళాను. కరెంటు పోయి వచ్చింది. సర్వర్‌కు బ్యాటరీ ఉంది. మిగతావన్నీ, నేను పెట్టిన ఏర్పాటు ప్రకారం, కరెంటు రాగానే తమంతట తామే లేచి కేక వేశాయి. తిరిగొచ్చి తెర చూస్తే, నింపడం పూర్తయిన యంత్రాలు ఇరవై ఒకటి. ఒకటి ఎక్కువే చేశాం బాబాయ్ అని గొప్పగా చెప్పాను కూడా. చెబుతూండగానే మెట్ల మీద చాచా చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆయన నవ్వుతూనే వచ్చారు.

"నా డబ్బా మస్తు కొత్తగ చేసినవ్ బేటా. తెర మీద ఒక్క మరక లేదు. మా అబ్బాజాన్‌ను యాడ పెట్టినవ్?"

కిందికి వెళ్ళి చూశాను. చూడక్కర్లేదు, అయినా చూశాను. ఆ యంత్రం కూడా మా మందలోదే, లేవగానే తీగలోకి కేక వేసే అలవాటు దానికీ ఉంటుందని నాకు తట్టనేలేదు. చాచా నా భుజం మీద చెయ్యి వేసి, అచ్చం ఆ యంత్రంలాగే, ఏమైంది బేటా అని అడిగారు. కరెంటు దెబ్బకు డిస్కు పోయింది చాచా అన్నాను. పలికినవాణ్ణి నేనొక్కణ్ణే. నమ్మేశారు.

స్టూలు లాక్కుని కూర్చుని, నన్నే ఓదార్చారు. "నువ్వెందుకు గట్ల మొఖం వెట్టినవ్? కరెంటును ఎవరేం జేస్తరు. ఫికర్ చెయ్యకు, చాయ్ తాగు." తాగాను. చక్కెర ఎక్కువే వేయించారు.

సర్వర్‌లో, తుడిచెయ్యమంటారా అనే ఆ ప్రశ్నను మళ్ళీ పెట్టాను. నిజం చెప్పాలని ఒకసారి దుకాణం గుమ్మందాకా వెళ్ళాను కూడా, ఆయన నన్ను చూడగానే చాయ్ తెప్పించడంతో ఆగిపోయాను. ఆ పని ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. కొన్నాళ్ళకు చాచా పోయారు. తర్వాత ఎన్నో ఆఫీసుల్లో, నేను చూడని ఊళ్ళలోని యంత్రాలను కూడా కూర్చున్నచోటు నుంచే నింపాను. ప్రతిసారీ రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి. లెక్క సరిపోయేది. అయినా ఎక్కడో ఒకటి ఎక్కువ ఉన్నట్టే ఉండేది.

ఇప్పుడా గల్లీలో బోర్డులన్నీ ఫ్లెక్సీలే, అన్నిటి మీదా ఒకే రకం అక్షరాలు. అవి ఎవరి చేతివో అడిగేవాళ్ళు లేరు. పాతవి పోగొట్టుకోవడమూ ఈ రోజుల్లో కష్టమే, ప్రతిదానికీ ఎక్కడో ఒక నకలుంటుంది. కొత్త కళ్ళద్దాలు వచ్చాయి కదా అని నిన్న పెట్టెలోంచి, సర్వర్ డబ్బా నుంచి నేను ఊడదీసి దాచుకున్న, చాచా అచ్చువేసిన ఆ చీటీ తీసి చూశాను. నాకు ఉర్దూ చదవడం రాదు. నాకు తెలిసి ఆ ఉస్తాద్ చేతిరాతలో మిగిలింది నా పేరొక్కటే.