మేక మాట్లాడని చోటు

లాక్‌డౌన్లన్నీ ముగిసిన మరుసటి వేసవిలో విశాఖపట్నంలో, ఋషికొండ వైపున్న ఒక యానిమేషన్ స్టూడియోలో యానిమాటిక్ ఎడిటర్‌గా చేరాను. నా ఉద్యోగ జీవితంలో అదే చివరి మజిలీ. అంతకు ముందు హైదరాబాదులో టీవీ సీరియళ్ళు ఎడిట్ చేసి చేసి, ఏడ్చే ముఖాన్ని మూడు వైపుల నుంచి చూపించడంలో నా అంతవాడు లేడని పేరు తెచ్చుకున్నాను. స్టూడియో యజమాని సూరిబాబు నాతో గాజువాక హైస్కూల్లో చదివినవాడు. మా మధ్య చుట్టరికం లేదు గాని చిన్నప్పటి నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. స్టీలు మోసే లారీల వ్యాపారం అతనిది. కూతురు యానిమేషన్ చదువుతోందని ఈ కంపెనీ కొన్నాడు. చదువయ్యాక ఆ అమ్మాయి బ్యాంకులో చేరింది. కంపెనీ మాత్రం ఇతని నెత్తిన మిగిలింది.

మేం అప్పటిదాకా చేసింది విదేశీ సీరియళ్ళకు కూలిపని. ఎక్కడో ఎవరో ఉడత బొమ్మ గీసి పంపితే, మా వాళ్ళు దానికి బొచ్చు పెట్టి తిరిగి పంపేవారు. ఆ ఉడత కథేమిటో, చివరికి దాని గతేమయిందో మాకెవరికీ తెలియదు. సొంత సినిమా తీయాలని పట్టుబట్టినవాడు సంతోష్. పలాస కుర్రాడు, బోర్డు ఆర్టిస్టుగా చేరి దర్శకుడి హోదాకు ఎదిగాడు. ఒకరోజు ఒక బొమ్మల పుస్తకం పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.

పుస్తకం పేరు 'ఎవులు తినీసినారు?' రాసినావిడ అప్పలనర్సమ్మ టీచర్. జాలరిపేటలో పుట్టి, అక్కడి బళ్ళోనే పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఇప్పటికీ వెళ్ళి పిల్లల చేత పుస్తకాలు చదివిస్తుంటారు. కథ చాలా చిన్నది. పేటలో రోజూ ఏదో ఒకటి మాయమవుతూ ఉంటుంది. ఆరేసిన లుంగీ అంచు, పెళ్ళిపందిరి మామిడాకులు, గోడమీది సినిమా పోస్టర్లో హీరోగారి సగం మొహం. ప్రతిసారీ పేజీ చివర 'మరి ఎవులు తినీసినారు?' అని ఉంటుంది. పేజీ తిప్పితే పైడి అనే మేక నములుతూ కనిపిస్తుంది. ఆఖరున పైడే మాయమవుతుంది. పేజీ తిప్పితే సముద్రం మధ్యలో పడవ, ముందుకొమ్ము మీద పైడి. పూజ చేసి పడవకు కట్టిన బంతిపూల దండ కోసం ఎక్కి, దిగడం మరిచిపోయింది. దండ లేదు, దారం మిగిలింది.

ఇంతే. నిలబడి చదివితే టీ చల్లారే లోపు అయిపోతుంది. దీన్ని పూర్తి నిడివి సినిమాగా సాగదీయాలి.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. యానిమేషన్లో సినిమా తీశాక ఎడిట్ చేయడం ఉండదు. ఒక్కో బొమ్మ కదలడానికి అయ్యే శ్రమ అంతా ఇంతా కాదు కనుక, పనికిరాని సీన్లను ముందే ఏరిపారేయాలి. బోర్డు ఆర్టిస్టులు సీన్లన్నీ పెన్సిలు గీతల్లో గీస్తారు. ఆ కదలని బొమ్మలను వరుసగా పేర్చి, స్టూడియోలో దొరికినవాళ్ళ చేత మాటలు చెప్పించి, సినిమా ఎంతసేపు ఎలా నడుస్తుందో చూపించేదే యానిమాటిక్. దాన్ని తయారుచేసేవాడు ఎడిటర్. హోదాలో దర్శకుడి తర్వాతివాడు. అతని మాట అందరూ శ్రద్ధగా వింటారు, ఎవరూ పాటించరు.

ఇంకొక సంప్రదాయం కూడా ఉంది. ఏదైనా సీను ఇంకా గీయకపోయినా, మాటలు రాకపోయినా, ఆ చోట ఒక బూడిదరంగు అట్ట పెడతాం. 'సీన్ మిస్సింగ్' అని దాని మీద ఇంగ్లీషులో ఉంటుంది. రావలసిన సీను ఎంతసేపుంటుందో అట్టనూ అంతసేపూ నిలబెడతాం. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఆ అట్ట అసలు కనబడదు. గుడికెళ్ళేవాడికి మెట్ల మీది చెప్పులు కనబడనట్టే.

సరే, డబ్బు పెట్టడానికి ఒప్పుకున్న సూరిబాబు సినిమా గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. ఈ మధ్య వచ్చిన యానిమేషన్ సినిమాలన్నీ ఒక పట్టున చూశాడు. నన్నూ కూర్చోబెట్టి చూపించాడు. వాటిలో వెలుతురూ, నీళ్ళూ, వెంట్రుకలూ ఎంత బాగుంటాయంటే, ఆ పని చేసినవాళ్ళకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కాని ఒక్క జంతువుకూ నోరు ఊరుకోదు. తరుముతుంటే జోకు, పడిపోతుంటే జోకు. మొదట్లోనే తల్లో తండ్రో పోవాలి. మధ్యలో స్నేహితుడు అలగాలి. చివర అందరూ కావలించుకోవాలి, ఆపైన పాట. చిన్న పుస్తకాన్ని పెద్ద సినిమా చేసేటప్పుడు ఈ సరుకంతా తెచ్చి ఖాళీల్లో కుక్కుతారు. చివరికి పుస్తకం కొన్న పిల్లవాడికి తన పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. ఈ మాటే అంటే సూరిబాబు నన్ను జాలిగా చూశాడు.

“మాటాడని మేక్కి టికెట్టెవుడు కొంటాడు బావా?” అన్నాడు.

అలా పైడికి మాటలొచ్చాయి. తప్పిపోయిన తల్లి వచ్చింది. సంతోష్ ఎదురుచెప్పలేక, తానే మేకకు తాత్కాలికంగా గొంతిచ్చాడు. అతను మేకలా మాట్లాడుతుంటే అకౌంట్స్ విభాగం వాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూసేవారు.

టీచర్ గారు పుస్తకం ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టారు. యానిమాటిక్ తయారయ్యాక తన బడి పిల్లలకు చూపించాలి, తానూ చూస్తారు. నచ్చకపోతే పుస్తకం వెనక్కి తీసుకుంటారు. ఆవిడ ఒకసారి స్టూడియోకు వచ్చి మొదటి కొన్ని సీన్లు చూశారు. చూసినంతసేపూ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. లేచేటప్పుడు నాతో అన్నారు.

“ఈ మేక నాది కాదు బాబూ. నాను రాసిన మేక తిండానికి నోరు తెరుస్తాది. ఇది వాగడానికే తెరుస్తంది.”

“పిల్లలకు నచ్చితేనో టీచర్ గారూ?” అన్నాను.

“నచ్చితే నాను మరి మాటాడను. లేదంటే నా మేకని నాను తోలుకుపోతాను” అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, బెత్తం దాచుకున్న నవ్వు అది.

ఆ రోజు నుంచి స్టూడియోలో అందరికీ ఒకటే బెంగ. ఆవిడ కాదంటే సినిమా లేదు. సంతోష్, అతని బోర్డు ఆర్టిస్టులూ మళ్ళీ ఎవరిదో ఉడతకు బొచ్చు పెట్టుకోవలసిందే. సంతోష్ అన్నం సరిగ్గా తినడం మానేశాడు. నాకు ఆ కుర్రాడిని చూస్తే జాలి, సూరిబాబును చూస్తే కోపం. ఇద్దరినీ ఒకే గదిలో చూడవలసి రావడం నా ఉద్యోగం.

మేక దొరికిపోయే ప్రతి చోటా, అంటే ప్రశ్నకూ జవాబుకూ మధ్య, ఒక పంచ్ డైలాగు పడాలని సూరిబాబు ఆజ్ఞ. వాటికోసం హైదరాబాదులో ఒక మాటల రచయితను పెట్టాడు. ఇంటర్వెల్ దాకా డైలాగులు వచ్చాయి. ఆ తర్వాతివి రేపంటే రేపన్నాడు. ఫోన్ చేస్తే “మూడ్‌లో ఉన్నాను సార్” అనేవాడు. ఆ మూడ్ కాగితం మీదికి దిగలేదు. నేను పద్ధతి ప్రకారం అతని డైలాగులు రావలసిన చోటల్లా బూడిదరంగు అట్టలు పెట్టాను. ఆఖరున, తల్లిని తలుచుకుని మేక పెద్ద డైలాగు చెప్పాలి కనుక, అక్కడ అన్నిటికన్నా పొడుగైన అట్ట పెట్టాను. స్టూడియోలో ఎన్నిసార్లు వేసుకుని చూసినా అది మా ఎవరి కళ్ళకూ ఆనలేదు. పిల్లలకు చూపించబోతున్నాం, వాళ్ళకు ఈ అట్ట ఏమిటో తెలియదు కదా అన్న ఆలోచన ఇంతమంది నిపుణుల్లో ఒక్కరికీ రాలేదు.

ఒక శనివారం ఉదయం బళ్ళో ప్రదర్శన. కిటికీలకు నీలం టార్పాలిన్లు కట్టారు. బయట ఎండుచేపల వాసన, లోపల చాపల మీద పిల్లలు. సూరిబాబు ముందువరుసలో కుర్చీ వేయించుకున్నాడు. నేను అతని వెనకే ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్నాను, నా పక్కన సంతోష్ తల దించుకుని కూర్చున్నాడు. టీచర్ గారు చివర గోడకానుకుని నిలబడ్డారు. హాల్లో పిల్లల అలికిడి తర్వాత విని నోట్ చేసుకోవడం నా అలవాటు, అందుకని ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేశాను.

మొదటి సగం నడిచింది. మేక మాట్లాడింది. మళ్ళీ మాట్లాడింది. పిల్లలు మొదట్లో నవ్వారు. తర్వాత పక్కవాళ్ళతో కబుర్లలో పడ్డారు. ఒక పిల్ల అందరికీ వినబడేలా అడిగింది, “ఇంతలాగ వాగితే ఇదింక ఎప్పుడు మేస్తాదే?” సంతోష్ తల ఇంకాస్త కిందికి దిగింది. నేను వెనక్కి తిరిగి చూస్తే టీచర్ గారు చేతిసంచీ భుజాన వేసుకుంటున్నారు. అయిపోయింది, మేకను తోలుకుపోతున్నారు అనుకున్నాను.

అప్పుడే ఇంటర్వెల్ దాటింది. తెరమీద గోడ, పోస్టరు, హీరోగారి సగం మొహం. 'మరి ఎవులు తినీసినారు?' అన్న గొంతు. టక్కున బూడిదరంగు అట్ట.

ఆ అట్ట పిల్లల కళ్ళతో నాకు అప్పుడు కనబడింది. ఆపుదామని బటన్ వెతుక్కుంటున్నాను.

“మేకే!” అని అరిచింది ఒక గొంతు.

“కాదు, మీ అన్నయ్యే సింపీసినాడు!”

“కాదెహె, ఆవు!”

అట్ట పోయింది. మేక వచ్చింది. నోట్లోంచి హీరోగారి మీసం వేలాడుతోంది. హాలు దద్దరిల్లిపోయింది. చెప్పినవాళ్ళు ఎగిరి గంతేశారు. చెప్పనివాళ్ళు తామూ అదే చెప్పామన్నారు. రెండో అట్ట పడేసరికి కబుర్లన్నీ ఆగిపోయాయి. మూడో అట్ట పడగానే అందరూ మోకాళ్ళ మీద లేచి అరిచారు. టీచర్ గారి సంచీ మళ్ళీ కిందికి దిగింది.

ఆఖరి ప్రశ్న వచ్చింది. ఖాళీ గుంజ, తెగిన తాడు. 'మరి పైడేదీ?' పొడుగు అట్ట పడింది. మొదట అందరూ అరిచారు. అట్ట పోలేదు. అరుపులు సన్నగిల్లాయి. “సముద్రంలోకెళ్ళిపోనాదేటో” అన్నాడొకడు. “దానికీత రాదురా” అంది పక్కపిల్ల. చిన్నపిల్లలు అక్కల ఒళ్ళోకి జరిగారు. పోస్టర్ సీను దగ్గర నవ్విన పిల్లలు వీళ్ళేనా అనిపించింది. అప్పుడు ముందు కుర్చీలోంచి సూరిబాబు నా వైపు తిరిగాడు. కథ తెలిసినవాడు, డబ్బు పెట్టినవాడు, ఆ యానిమాటిక్ నాతోపాటు ఎన్నోసార్లు చూసినవాడు.

“బావా, మేకేదీ?” అన్నాడు గుసగుసగా.

అట్ట పోయింది. పడవ కొమ్ము మీద పైడి, పళ్ళ మధ్య ఆఖరి బంతిపువ్వు. పిల్లలు అరిచిన అరుపుకు కిటికీ టార్పాలిన్ ఒకటి ఊడి ఎండ లోపల పడింది. సంతోష్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను మాత్రం, దాచడమెందుకు, పిల్లలతో కలిసి అరిచాను.

టీచర్ గారు పిల్లల మధ్య నుంచి నడిచి ముందుకొచ్చారు. “బళ్ళో పేజీ నాను తిప్పను బాబూ. ఆళ్ళు అరిసినాకే తిప్పనిస్తాను. మీరూ అలగే సేసినారు. మొదటి సగంలో కూడా దాని నోరు మూయించీయండి. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి” అన్నారు.

కారెక్కుతూ సూరిబాబు అడిగాడు. “బావా, ఆ అట్టలెట్టే ఐడియా ఎవులిదీ? గొప్పగుంది.”

“నీ మాటల రచయితది” అన్నాను.

తర్వాత పని సులువే అనుకున్నాం. కాదు. సినిమాలో బూడిదరంగు అట్ట ఉంచలేం కదా. సంతోష్ ఆ ఖాళీలో కాకిని పెట్టి చూశాడు, కెరటాన్ని పెట్టి చూశాడు. ఏది పెట్టి బళ్ళో చూపించినా పిల్లలు దాన్ని చూస్తూ కూర్చున్నారు, అరవలేదు. చివరికి ఇసుకరంగు తెర, వెనక సముద్రపు చప్పుడు, అంతే ఉంచాం. ఎంతసేపుంచాలన్నది నేను తేల్చాను. బళ్ళో రికార్డు చేసిన అరుపులను టైమ్‌లైన్ మీద కింద పరిచి, అరుపు దాని కొసకు చేరే చోట జవాబు పడేలా ప్రతి ఖాళీనీ కోశాను. మేక జోకులన్నీ తీసేస్తే సినిమా బాగా పొట్టిదైంది. సూరిబాబు గొణిగాడు గాని, ఒక్క జోకూ తిరిగి పెట్టమనలేదు. సినిమా కొద్ది థియేటర్లలోనే ఆడింది, బళ్ళలో ఎక్కువ ఆడింది. టైటిల్స్‌లో మాటల రచయిత పేరు పెద్ద అక్షరాల్లో వేయించాను. రాయకుండా అంత మేలు చేసినవాడు నా వృత్తిలో ఇంకొకడు తగల్లేదు.

ఆ సినిమాతోనే నేను రిటైరయ్యాను. నేర్చుకున్నది ఇది. పుస్తకాన్ని సినిమా చేసేటప్పుడు కథ, బొమ్మలు, మాటలు తెస్తాం. చదివేవాడి చేతిలో ఉన్న పనిని తేవడం మరిచిపోతాం. పేజీ తిప్పడం కూడా కథలో భాగమే. దానికి చోటు వదలాలి. ఎడిటర్ చేయవలసిన పని ఆ చోటును కాపలా కాయడం.

మొన్న మా మనవరాలిని కొత్త యానిమేషన్ సినిమాకు తీసుకెళ్ళాను. మా మేక సినిమాను అది ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తెరమీద నక్క, తాబేలు, ఏనుగు ఒకరి తర్వాత ఒకరు జోకులేస్తున్నారు. నీళ్ళు మెరుస్తున్నాయి, వెంట్రుకలు ఎగురుతున్నాయి. చాలాసేపు బుద్ధిగా చూసి, నా చేయి లాగింది.

“తాతయ్యా, ఇందులో మనం ఎప్పుడు అరవాలి?”

“ఇందులో మనకేం పని లేదమ్మా. పాప్‌కార్న్ తిను” అన్నాను.