నామినీ వయసు నలభై ఏడు

నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కలు నాకెవరూ నేర్పలేదు. మెట్టుగూడలో స్పేర్‌పార్టుల దుకాణంలో పనిచేస్తూ, పాత బిల్లుల వెనక రాసి రాసి నేనే నేర్చుకున్నాను. ఏ కాగితం చేతికొచ్చినా అందులోని అంకెలన్నీ సరిచూసి, ఒక్కోదాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టడం అప్పటి నుంచీ అలవాటు. మా చర్చిలో ఎవరింటికి ఏ పాలసీ వచ్చినా ఒకసారి చూసిపెట్టమని నా దగ్గరికే తెస్తారు.

కిందటి వర్షాకాలంలో పాత కారు అమ్మి కొత్తది తీసుకున్నాం. డెలివరీ రోజు పొద్దున మా అమ్మాయిని వెంటబెట్టుకుని షోరూమ్‌కు వెళ్లాను. ఇన్సూరెన్స్ అయితేగాని బండి బయటికి రాదు. పాత పాలసీలన్నీ ఫైల్లో పెట్టుకున్నాను. ఏళ్లుగా క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు అమ్మేసిన కారుతో పోదు. మనిషి వెంట వస్తుంది.

కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగినికి ముప్పై ఏళ్లుంటాయి. నేను ఇంజిన్ నంబరు మూడోసారి చూస్తుంటే నవ్వింది.

“మా మేనేజర్ సుత ఇంతగనం చూడడు సార్. మీకు ఈడనే కుర్చీ వేయిస్త.”

“పాల ప్యాకెట్ మీద డేట్‌కి కూడా టిక్కు పెడతరు మా డాడీ,” అంది అమ్మాయి.

డ్రాఫ్టు ప్రింటు తీసి నా ముందు పెట్టింది. పెన్సిల్ పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. ప్రమాదంలో నేను పోతే సొమ్ము ఎవరికివ్వాలో రాసే గడి దగ్గర ‘నామినీ: భార్య, వయసు: 47’ అని ఉంది. టిక్కు పెట్టాను.

“మేడమ్‌ని తోల్కరాలేదేంది సార్? కారు ముంగట అందరు ఫొటో దిగుతుంటిరి గదా,” అంది ఉద్యోగిని.

నా భార్య పోయి నాలుగేళ్లు. పోయేనాటికి ఆమెకు నలభై మూడు.

అమ్మాయి కాగితం మీదికి వంగింది. దాని ముఖంలో నవ్వు పోయింది.

“ఈ వయసు ఎక్కడిదమ్మా?” అని ఉద్యోగినిని అడిగాను.

“పాత పాలసీలకెల్లి తీసుకున్న సార్. ఏడాదికొకటి సిస్టమే కూడుకుంటది. తప్పుందా?”

తప్పు లేదు. నలభై మూడుకు నాలుగు కలిపితే నలభై ఏడే.

ఫైల్ తెరిచాను. చివరి నాలుగు పాలసీల్లో వరుసగా 43, 44, 45, 46. ప్రతి అంకె పక్కనా నా పెన్సిల్ టిక్కు. బీరువాలో, ఎవరూ కట్టని చీరల కింది అరలో ఉండే ఈ ఫైల్లో, మా ఆవిడకు ఏటా ఒక ఏడు నిండుతూనే ఉంది. ఏటా నేను చూసి సరే అంటూనే ఉన్నాను.

నాలుగింటిలో మొదటిదాని తేదీ చూశాను. భూస్థాపన అయిన పన్నెండో రోజు. ఏమైనా మార్పులున్నాయా అని ఏజెంటు ఏటా ఫోన్ చేసి అడుగుతాడు. ఆ రోజు నేనేం చెప్పానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

“‘మార్పులేం లేవు’ అన్నవ్ డాడీ,” అంది అమ్మాయి మెల్లగా. “నేను వంటింట్ల ఉన్న. విన్న. అమ్మ పోయిందని నీకు తెల్వదేమో అని భయపడ్డ. మల్ల యేడు మల్ల అట్లనే అన్నవ్.”

“అడగకపోయావా?”

“ఏమని అడగాలె? నేనొకదాన్ని ఉన్న అని చెప్పాల్నా?”

ఈ నాలుగేళ్లలో నాకేదన్నా అయ్యుంటే, ఇంట్లో మిగిలేది ఇదొక్కతే. ఆ కాగితం పట్టుకుని వెళ్తే, అమ్మను పిలుచుకురా అనేవాళ్లు.

ఉద్యోగిని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. “తీసెయ్యాల్నా సార్?”

“తీసెయ్యమ్మా.”

తెర మీద పేరు చివరి అక్షరం నుంచి వెనక్కి చెరుగుతూ పోయింది. తర్వాత వయసు. ముందు ఏడు పోయింది. నాలుగు ఒక్కటే మిగిలి, దాని పక్కన నిలువు గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఉద్యోగిని వేలు ఎందుకో ఆగింది. మళ్లీ నొక్కింది.

కొత్త డ్రాఫ్టు వచ్చింది. కుమార్తె, 21. పెన్సిల్ అమ్మాయికిచ్చాను. అంకెలన్నీ వదిలేసి, తన పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదువుకుంది. టిక్కు మాత్రం పెట్టలేదు.